మాట వినని ఉంగరపు వేలు

ఇంట్లో అందరూ ఆమెను చిన్నదనే పిలిచేవారు. నలభై దాటి, దేశదేశాల్లో పోస్టర్ల మీద ఫొటో పడే చెల్లో కళాకారిణి అయ్యాక కూడా ఆ పేరు పోలేదు. చెల్లో అంటే మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని కమానుతో వాయించే పెద్ద వాయిద్యం. విమానంలో దానికి వేరే సీటు కొనాలి. "మా అల్లుడు. కిటికీ పక్కన కూర్చుంటాడు, తిండి అడగడు, ఎదురు చెప్పడు," అని వాళ్లమ్మ కనబడ్డవాళ్లకల్లా చెప్పేది. చిన్నది పెళ్లి మాట ఎత్తనివ్వదు కాబట్టి అందులో కాస్త దెప్పు కూడా ఉండేది.

వాళ్లక్క ఒకప్పుడు పియానో వాయించేది. చెల్లెలికి కచేరీలు పెరిగాక దాన్ని మూసేసి, ప్రయాణాలు, హోటళ్లు, ఒప్పందాలు తన మీద వేసుకుంది. చెల్లెలు వేదిక మీద ఉన్నంతసేపూ తెర పక్కన నిలబడి వినేది.

ఒక చలికాలం, హోటలు గదిలో సాధన చేస్తుండగా చిన్నదాని ఎడమచేతి ఉంగరపు వేలు తీగ మీద వాలకుండా అరచేతిలోకి ముడుచుకుంది. తిమ్మిరేమో అనుకుని వేడినీళ్లలో పెట్టింది. మర్నాడూ అంతే. నొప్పి లేదు. గుండీలు పెట్టుకుంటే, సూదిలో దారం ఎక్కిస్తే బుద్ధిగా పనిచేసేది. చెల్లో మీద చెయ్యి వేస్తే చాలు, ముడుచుకునేది.

ఆమె ఎవరికీ చెప్పలేదు. ఆ వేలి పనంతా చిటికెన వేలికి అప్పగించి, కష్టమైన చోట్ల వేగం తగ్గించి కొన్ని నెలలు నెట్టుకొచ్చింది. ఆ నెమ్మదిని చూసి, వాయింపులో కొత్త లోతు వచ్చిందని పత్రికలు మెచ్చుకున్నాయి.

అక్క మాత్రం పసిగట్టింది.

"ఏమిటే, అక్కడ అంత సాగదీస్తున్నావు?"

"అలా బాగుందనిపించింది."

"నా దగ్గర కూడా దాస్తావా?"

చిన్నది వాయించి చూపించింది. ముడుచుకున్న వేలిని అక్క పట్టుకుని తిన్నగా చేసింది. వదలగానే మళ్లీ ముడుచుకుంది. ఇద్దరూ దాన్ని చూస్తూ కూర్చున్నారు.

డాక్టరు పరీక్షలన్నీ చేయించాడు. "చేతిలో ఏ లోపమూ లేదండీ. ఇన్నేళ్లుగా ఒకే పని చేయించి చేయించి, మెదడు ఉంగరపు వేలినీ చిటికెన వేలినీ విడివిడిగా పోల్చుకోలేకపోతోంది."

"సాధన పెంచితే?"

"ఇంకా ముదురుతుంది."

ఆ మాటకి ఆమె డీలాపడిపోయింది. ఆరేళ్ల వయసు నుంచి ఏం చెడినా ఆమెకు తెలిసిన మందు సాధన ఒక్కటే. సూదిమందు వేయించుకుంటే వేలు బిగుసుకోవడం మానింది కానీ, తడిసిన కాగితంలా వేలాడింది. దాని ప్రభావం తగ్గాక మళ్లీ మొదటికొచ్చింది.

అయినా ఒప్పుకున్న ఒక పెద్ద కచేరీకి వెళ్లింది. అక్క వద్దంది. "పొద్దున రిహార్సల్లో బాగానే ఉందిగా," అంది చిన్నది. చివరి భాగంలో ఉంగరపు వేలు చిటికెన వేలిని కూడా లాక్కుని ముడుచుకుంది. వాయిస్తున్నది ఆగిపోయింది. వాద్యబృందాన్ని నడిపే పెద్దాయన చెయ్యి దించి, వంగి, "అక్కణ్ణుంచి మళ్లీ పోదామా?" అన్నాడు. మళ్లీ మొదలుపెట్టారు. సరిగ్గా అక్కడే ఆగింది. తెర పక్కన అక్క చేతిలో మంచినీళ్ల గ్లాసుంది. దాన్ని ఎవరికివ్వాలో ఆమెకు తోచలేదు. సభ అంతా లేచి చప్పట్లు కొట్టింది. చిన్నది తల ఎత్తలేకపోయింది.

తర్వాతి కచేరీలు ఒక కుర్ర కళాకారిణికి వెళ్లాయి. చెల్లో ఒక సంస్థ వాడుకోమని ఇచ్చినది, అదీ తిరిగి వెళ్లిపోయింది. పెట్టె తీసుకెళ్లడానికి వచ్చినాయన, "మీ కచేరీకి ఒకసారి వచ్చానండీ," అన్నాడు. ఆమె తలుపు పట్టుకుని నిలబడింది.

ఇప్పుడు ఒక సంగీత పాఠశాలలో పాఠాలు చెబుతుంది. "ఒక్కసారి వాయించి చూపించండి మేడమ్," అని పిల్లలు అడిగితే గొంతుతో పాడి వినిపిస్తుంది. కొందరికి అందుతుంది, కొందరికి అందదు.

మొన్న ఆదివారం రేడియోలో ఆ కుర్ర కళాకారిణి కచేరీ వచ్చింది.

"కట్టెయ్యనా?" అంది అక్క.

"ఉండనీ. బాగా వాయిస్తోంది. రెండో భాగంలోనే కాస్త తొందరపడుతోంది. ఎవరైనా చెప్తే బాగుండు."

"నువ్వే చెప్పు."

"చూపించకుండా ఎలా చెప్పనే?"

అక్క రేడియో శబ్దం కాస్త పెంచింది. చివరిదాకా విన్నారు. వార్తలు మొదలయ్యాక అక్క లేచి రేడియో కట్టేసింది.