తుర్కయంజాల్ గుట్ట కింద చెక్క అరుగు

సిద్ధిరాములు వాళ్లది పోచంపల్లి దగ్గర మగ్గాల ఊరు. తండ్రి చీరలు నేసేవాడు. కొడుకుకు మాత్రం దారం మీద కంటే ఇనుము మీద చెయ్యి కుదిరింది. పదో తరగతి తప్పాక ఎల్బీనగర్‌లో ఒక వెల్డింగ్ షాపులో చేరి పని నేర్చుకున్నాడు. కొన్నేళ్లకు సాగర్ రింగ్ రోడ్డు దగ్గర సందులో సొంతంగా రేకుల షెడ్డు వేసుకున్నాడు. మొదట్లో కిటికీ గ్రిల్లులు, మెట్ల రెయిలింగులు చేసేవాడు. తర్వాత దిల్‌సుఖ్‌నగర్ అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లు ఊరి బయట గుట్టల కింద ప్లాట్లు కొని ఇళ్లు కట్టుకోవడం మొదలుపెట్టారు. వాళ్లకు చుట్టూ ఫెన్సింగ్ కావాలి. ఎండ పడకుండా వాకిట్లో పందిరి కావాలి. సాయంత్రం కూర్చుని టీ తాగడానికి, నేలకు కాస్త ఎత్తులో చెక్క పలకలు పరిచిన అరుగు కావాలి. దాన్ని వాళ్లు డెక్ అనేవాళ్లు. సిద్ధిరాములు చెక్క అరుగు అనేవాడు. ఆ పనితోనే ఆయన ఇల్లు నిలబడింది.

భయస్థుడు కాదు. భార్య రాధమ్మ షెడ్డుకు దిష్టి గుమ్మడికాయ కడితే వద్దనలేదు, అంతకుమించి పట్టించుకోనూ లేదు. పాడుబడ్డ ఇళ్లలో, శ్మశానాల పక్కన కూడా గుంజలు పాతాడు. దేనికీ వెనకాడని మనిషి అనే పేరుంది ఆయనకు.

తుర్కయంజాల్ దాటాక గుట్ట కింద ప్రసన్నకుమార్, కుసుమకుమారి దంపతులు ఇల్లు కట్టుకున్నారు. వాళ్లది పాలకొల్లు. ఆయన బ్యాంకులో మేనేజరుగా చేసి రిటైరయ్యాడు. ఆవిడ దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పి చెప్పి, ఇక చాలనుకుని మానేసింది. ఇంటి వెనక నేల మెల్లగా ఎత్తెక్కుతూ గుట్ట రాళ్లలో కలుస్తుంది. ఆ వైపే చూస్తూ కూర్చునేలా డెక్ వేయమన్నారు. దాని వెనక ఫెన్సింగ్.

ఎండాకాలం మొదట్లో సిద్ధిరాములు పని మొదలుపెట్టాడు. సాయానికి బావమరిది నరేష్‌కుమార్ ఉన్నాడు. నాలుగు మూలలూ గుర్తుపెట్టి, దారం కట్టి, మధ్యలో గుంజకు గుంత తవ్వడానికి గడ్డపార ఎత్తాడు. మిట్టమధ్యాహ్నం.

"జర జరుగు బిడ్డా."

ముసలామె గొంతు. నెత్తిన మోపు పెట్టుకుని వస్తూ దారి అడిగినట్టుంది. "పో అవ్వా" అంటూ ఆయన పక్కకు తప్పుకున్నాడు. తిరిగి చూస్తే ఎవరూ లేరు. దూరంగా రాళ్ల మీద మేకలు మేస్తున్నాయి.

"ఒరే నరేషూ, అవ్వ ఎటు పోయింది?"

ఇంటి పక్కన సిమెంటు కలుపుతున్న నరేష్ తల ఎత్తాడు. "ఏ అవ్వ బావా? నాకెవ్వరు కనవడలే."

ఎండకు చెవులు గుయ్యిమంటున్నాయేమో అనుకుని సిద్ధిరాములు మళ్లీ పనిలో పడ్డాడు. కానీ మర్నాడూ అదే గొంతు, అదే మాట. మూలల దగ్గర పని చేస్తే ఏమీ వినిపించేది కాదు. దారాల మధ్యకు వస్తేనే. ఆ గొంతులో కోపం లేదు, బెదిరింపు లేదు. తెలిసినవాళ్లు పిలిచినట్టుండేది. అదే ఆయనకు మింగుడుపడలేదు. మాట వినిపించాక చెంపకు గాలి తగిలేది. ఎండాకాలపు గాలి కాదది. చల్లగా, తడితడిగా ఉండేది.

ఓ రోజు ముఖానికి వెల్డింగ్ ముసుగు వేసుకుని, మధ్య గుంజకు పట్టీ అతుకుతున్నాడు. నిప్పురవ్వల చప్పుడులో పక్కన మనిషి అరిచినా వినపడదు. అప్పుడు వినిపించింది, ముసుగు లోపల, చెవిని ఆనుకుని.

"జర జరుగు బిడ్డా."

ముసుగు తీసి విసిరేశాడు. అక్కడే నేల మీద కూర్చున్నాడు.

మజ్జిగ గ్లాసుతో వచ్చిన కుసుమకుమారి ఆయన ముఖం చూసి గాభరా పడింది. "ఏవైందండీ సిద్ధిరాములు గారూ? వడదెబ్బేమో, లోపలికొచ్చి కూర్చోండి."

"వడదెబ్బ గాదు మేడం." గుట్ట వైపు చూపించి అడిగాడు. "ఇట్లకెళ్లి ఎవరన్న ముసలామె నడుస్తదా? మేకలు గాసేటామె?"

ఆవిడ చేతిలో గ్లాసు ఆగిపోయింది. "ముసలావిడా? ఏవంటోంది?"

"జర జరుగు బిడ్డా అంటది. ఎన్కకు తిరిగి చూస్తే ఎవ్వరుండరు."

కుసుమకుమారి పలకల దొంతర మీద కూర్చుండిపోయింది. "అయితే మీకూ వినిపిస్తోందన్నమాట. నేనిక్కడ మొక్కలకి నీళ్లు పోస్తుంటే వినపడుతోందండీ. మా ఆయనకి చెబితే చెవి డాక్టరుకి చూపించుకోమన్నారు. కానీ నాకు బిడ్డా అని కాదు. 'కాస్త అవతలికి జరగవే అమ్మాయ్' అంటుంది. అచ్చం పాలకొల్లులో మా నాయనమ్మ మాట్లాడినట్టే."

"గట్లెట్ల మేడం? ఆ మాట మా దిక్కు ముసలోళ్లదే. మా ఊరి మాటే. నేను గుర్తువట్టనా?"

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అది ఏదైనా సరే, ఎవరి మాటలో వాళ్లతో మాట్లాడుతోంది. సిద్ధిరాములుకు మొదటిసారి నిజంగా భయం వేసింది. మజ్జిగ ఎవరూ తాగలేదు.

సంగతి విని ప్రసన్నకుమార్ బయటికి వచ్చాడు. ఎగతాళి చేయలేదు. దారాల మధ్యకు వెళ్లి చేతులు కట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. చొక్కా అంతా చెమటతో తడిసింది.

"నాకేమీ వినపడలేదు" అన్నాడు తిరిగొచ్చి. "పని కానివ్వండి."

"వద్దండీ" అంది కుసుమకుమారి. "డెక్ ముందు వైపు వేయించుకుందాం."

"ముందు వైపు ఏం కనపడుతుంది? పక్కవాళ్ల వాటర్ ట్యాంకు చూస్తూ కూర్చోవాలా?"

అప్పుడు సిద్ధిరాములు ఇంతకుముందెప్పుడూ ఎవరితోనూ అనని మాట అన్నాడు. "సార్, మీరు ఏమన్న అనుకోండ్రి. నేనైతే ఈడ గుంత తవ్వ."

చివరికి ప్రసన్నకుమార్ దిగొచ్చాడు. పాతిన గుంజలు పీకేశారు. డెక్, పందిరి ఇంటి ముందుకు మారాయి. ఫెన్సింగ్‌ను కూడా ఇంటి వైపుకు జరిపి, ఆ చోటును బయటికి వదిలేశారు. పని పూర్తయ్యే దాకా సిద్ధిరాములు వెనక వైపు తలతిప్పి చూడలేదు.

వానాకాలం వచ్చింది. ముసురు పట్టి రోజుల తరబడి తెరిపి లేదు. ఒక ఉదయం కుసుమకుమారి ఫోన్ చేసింది. "ఒక్కసారి రండి" అని మాత్రమే అంది.

నీళ్లు నిలిచిన రోడ్ల మీద బండి తోసుకుంటూ వెళ్లాడు. ఇంటి వెనక, తను దారం కట్టిన చోట, నేల లేదు. గుండ్రంగా పెద్ద గొయ్యి. లోపల చుట్టూ పేర్చిన రాళ్లు, అడుగున సుడి తిరుగుతున్న బురద నీళ్లు. ఫెన్సింగ్ మాత్రం దానికి ఇవతల నిటారుగా నిలబడి ఉంది.

ప్రసన్నకుమార్ గొడుగు పక్కకు వాల్చి పట్టుకుని, తాను తడుస్తూ నిలుచున్నాడు. "కుర్చీలు వేసుకుని అక్కడే కూర్చునేవాళ్లం" అన్నాడు.

వాన తగ్గాక గుట్ట మీద మేకలు కాసే యాదలక్ష్మిని పిలిచి అడిగారు. ఆమె తల్లి ఆ పొలాల్లో కూలి చేసిందట.

"బాయి ఉండె సార్. ప్లాట్లు చేసేటప్పుడు లారీలతోని మట్టి గొట్టి పూడిసిన్రు."

"ఇందులో ఎవరైనా పడి చనిపోయారా? ముసలావిడ ఎవరైనా?" కుసుమకుమారి అడిగింది.

"ఎవ్వరు పడలేదమ్మా. మంచి బాయి. నీళ్లు తియ్యగుంటుండె." యాదలక్ష్మి వాళ్లను వింతగా చూసింది. "ఎందుకట్ల అడుగుతున్నరు?"

ఎవరో చచ్చిపోయారని చెప్పినా సిద్ధిరాములు మనసు కుదుటపడేది. దానికో పేరుండేది, ఓ దణ్ణం పెట్టేవాడు. ఎవరూ లేరంటే, ఆ మాట్లాడింది ఎవరు?

బావిని బండరాళ్లతో, కాంక్రీటుతో నింపించారు. చుట్టూ సిద్ధిరాములే ఇనుప కంచె బిగించాడు. ఆ రోజు ఏ గొంతూ వినిపించలేదు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

దసరా వెళ్లాక ఒక మధ్యాహ్నం ప్రసన్నకుమార్ ఒక్కడే సాగర్ రింగ్ రోడ్డు షెడ్డుకు వచ్చాడు. మనిషి చిక్కిపోయాడు. స్టూలు మీద కూర్చుని, గ్రైండర్ ఆపమని సైగ చేశాడు.

"నాకూ వినపడుతోందయ్యా."

"బాయి కాడనా సార్?"

"కాదు. ఇంట్లో. హాల్లో, సోఫా దగ్గర."

సిద్ధిరాములు చేతిలోని పైపు కింద పెట్టాడు. "జరుగు అంటదా?"

"జరగమనడం లేదు." ఆయన గొంతు తగ్గించాడు. "'ఇంకొంచెం నాన్నా' అంటోంది. మా అమ్మ అన్నట్టే. సోఫా కిటికీ దగ్గరికి జరిపాం. అక్కడా అదే మాట. వంటింట్లోకి వెళ్తే అక్కడా అదే. ఇంజనీరును తెచ్చి నేలంతా కొట్టి చూపించాను. కింద గట్టి రాయి ఉంది, వందేళ్లైనా కదలదన్నాడు."

"మరి మేడం?"

"తనకు నాకంటే ముందే వినపడిందట. నేను భయపడతానని చెప్పలేదు." కర్చీఫుతో ముఖం తుడుచుకున్నాడు. "నిన్న ఇద్దరం చెయ్యి పట్టుకుని, అది ఇంకొంచెం అన్నప్పుడల్లా ముందుకు నడిచాం. డెక్ దాటాం, పందిరి దాటాం. గేటు బయట కాలు పెట్టాక ఆ గొంతు ఆగింది."

ఆ వారమే వాళ్లు ఇల్లు తాళం పెట్టి దిల్‌సుఖ్‌నగర్ పాత ఫ్లాటుకు తిరిగొచ్చేశారు. డెక్ పలకలు వృథాగా పోవడమెందుకు, విప్పి తెచ్చి బాల్కనీలో బల్ల చేయమన్నారు. రాధమ్మ పోవద్దని పోరింది. మాటిచ్చానని సిద్ధిరాములు వెళ్లాడు.

ఎండ కాస్తోంది. పక్షుల చప్పుడు కూడా లేదు. నరేష్‌ను గేటు దగ్గరే ఉండమని, తానొక్కడే పలకలు విప్పి బయటికి మోశాడు. గొంతు వినిపిస్తుందేమోనని ప్రతి బోల్టు దగ్గరా చెయ్యి ఆగేది. ఏమీ వినిపించలేదు. చివరి పలక ఎత్తాక ఇంటి వైపు తిరిగి నిలబడ్డాడు. కిటికీ అద్దాల్లో గుట్ట కనిపిస్తోంది.

"ఎందాక జరగాలె అవ్వా?" అని అడిగాడు, పైకే. "గదన్న చెప్పు."

గేటు దగ్గర నుంచి నరేష్, "బావా, ఎవరితోని మాట్లాడుతున్నవ్?" అని కేకేశాడు.

ఇప్పటికి చాలా కాలమైంది. కుసుమకుమారి బాల్కనీలో ఆ బల్ల మీద కూర్చుని పిల్లలకు లెక్కలు చెబుతోంది. బస్సుల హారన్ల మధ్య హాయిగా నిద్రపడుతోందని అంటుంది. సిద్ధిరాములు గుట్టల కింద పనులు మానలేదు. చుట్టూ కాలనీలు పెరిగాయి, ప్రసన్నకుమార్ ఇంటి పక్క వీధిలోనే రెండు డెక్‌లు వేశాడు. పెద్ద వాన కురిసిన ప్రతిసారీ మర్నాడు బండి వేసుకుని వెళ్లి, రోడ్డు అవతలే ఆగి, ఆ ఇంటిని చూసొస్తాడు. గోడకు ఒక్క బీట లేదు. మెట్టు కుంగలేదు. ఇంకా ఏమీ కాలేదు. ఆ మాట ఫోన్లో వాళ్లకు చెబితే, అటువైపు ప్రసన్నకుమార్ సరేనంటాడు. ఆ ఇంటిని ఇంకొకరి చేతిలో పెడదామా, అమ్మేద్దామా అన్న మాట మాత్రం భార్యాభర్తల్లో ఎవరూ ఎత్తరు.