ఎనభై ఆరు శాతం

ఆస్ట్రేలియాలోని డార్విన్‌లో వాన వల్ల మా బస్సు కదల్లేదు. బస్టాండులో నా పక్కన కూర్చున్న పెద్దాయనది తూర్పు తిమోర్. ఆ మధ్యాహ్నం వాళ్ల దేశపు ఫుట్‌బాల్ కప్పు ఫైనలట. వాళ్ల ఊరి జట్టు అంతదాకా రావడం అదే మొదటిసారట.

"నా డేటా అయిపోయింది బాబూ. కాస్త హాట్‌స్పాట్ ఇస్తావా? ఆఖరి పది నిమిషాలు చూసుకుంటాను," అన్నాడు ఇంగ్లిషులో.

నేను ఆఫీసులో కంప్యూటర్ల భద్రత చూసేవాణ్ణి. ముక్కూమొహం తెలియనివాళ్లకు నెట్ ఇవ్వొద్దని రోజూ పదిమందికి చెబుతుంటాను. అలవాటుగా అబద్ధం నోటికొచ్చేసింది.

"సారీ అంకుల్, నా ఫోన్‌లో చార్జింగ్ లేదు."

"అయ్యో, ముందే చెప్పవేం?" అంటూ సంచిలోంచి పవర్ బ్యాంకు తీసి, తనే నా ఫోన్‌కు తగిలించాడు. తెర వెలిగింది. ఎనభై ఆరు శాతం.

ఆయన చూశాడు. వాన వైపు తిరిగి కూర్చున్నాడు. పవర్ బ్యాంకు మాత్రం తీసేయలేదు. అప్పుడైనా హాట్‌స్పాట్ ఇవ్వొచ్చు. సిగ్గుతో నా చెయ్యి కదల్లేదు.

బస్సెక్కేసరికి నా ఫోన్ పూర్తిగా నిండింది. ఇంటికొచ్చి ఆయన చెప్పిన ఊరి పేరు పెట్టి వెతికాను. ఆఖరి నిమిషంలో గోల్ కొట్టి కప్పు గెలిచారు.