బూట్ల నర్సమ్మ

ఉగాది వెళ్ళినప్పటి నుంచి మా ఇంట్లో చెప్పుల గొడవ తప్ప ఇంకో మాట లేదు. షుగరున్న మనిషివి, వేళ్ళకు స్పర్శ తగ్గుతోంది, ఈ ఎండల్లో అరిగిపోయిన రబ్బరు స్లిప్పర్లతో తిరగవద్దు, మడమకు ఆసరాగా ఉండే మంచి చెప్పులు కొనుక్కో అని దవాఖానాలో డాక్టరమ్మ ఒక్క మాట అన్నది. ఆ మాట పట్టుకుని మా ఆయన ఫోనులో దిగిపోయాడు. చివరికి రెండు కంపెనీలు మిగిలాయి. మొదటిదాని పేరు పలకడానికి నాకు నోరు తిరగదు. వాళ్ళ చెప్పు అడుగు దూదిలా దిగబడుతుంది. రెండోది డాక్టర్లే దగ్గరుండి చేయించారని పెట్టె మీద రాసుకున్నది. అది గట్టిగా ఉండి, అరికాలి వంపులో కాస్త ఎత్తుగా తగులుతుంది. పొద్దున చాయ్ తాగేటప్పుడు ఆయనకు మొదటిది నచ్చుతుంది, మధ్యాహ్నం కునుకు తీసి లేచేసరికి రెండోది నచ్చుతుంది. కొన్నవాళ్ళు రాసిన మంచీ చెడ్డా అంతా నాకు చదివి వినిపిస్తాడు. ఎక్కడో పూనాలో ఎవరో ఆవిడకు చెమట పట్టి కాలు జారిందట, ఆ సంగతి ఖమ్మంలో కూర్చున్న నాకెందుకో మీరే చెప్పండి.

ఇక విసుగొచ్చి, ఎండ నెత్తికెక్కకముందే ఆయన్ను లాక్కుని నేనే షాపుకు వెళ్ళాను. అక్కడి అమ్మాయి నన్ను ఒక అద్దం పలక మీద నిలబెట్టింది. గోడకున్న తెరలో నా పాదం ఎర్రగా పచ్చగా, ఏదో దేశపటంలా కనబడింది. మీ పాదం వెడల్పు ఎక్కువ ఆంటీ అని ఆ అమ్మాయి ఎంతో సున్నితంగా చెప్పింది. ఆ సంగతి చెప్పడానికి అంత యంత్రం కావాలా? నా పెళ్ళిచూపుల్లో మా అత్తగారు నా మొహం కంటే ముందు నా కాళ్ళే చూసి, పిల్ల బాగనే ఉన్నది గానీ పాదాలు మగపిల్లగానివి అని అందరి ముందూ అననే అన్నది.

ఆ పాదాలతోనే నౌకరిలో చేరాను. బూర్గంపాడు దాటాక అడవి అంచున ఒక ఊళ్ళో ఆరోగ్య ఉపకేంద్రం, దానికి నేను నర్సును. మా ఆయన పాల్వంచలో, కరెంటు తయారుచేసే ప్లాంటులో షిఫ్టు డ్యూటీ. వారానికొక సెలవు రోజు బస్సెక్కి నా దగ్గరికి వచ్చేవాడు. నా కింద ఉన్న గూడేల్లో సగం కిన్నెరసాని అవతలే. రోడ్డు లేదు, బండి లేదు, ఉన్నదల్లా కాలిబాట. నా ఉద్యోగమే నడక, కానీ నడిచే ఆడమనిషి కోసం చెప్పు చేసిన మహానుభావుడు ఆ రోజుల్లో మా చుట్టుపక్కల ఎక్కడా లేడు. షాపులో ఆడవాళ్ళ చెప్పులంటే పెళ్ళికీ సినిమాకీ వేసుకునేవే. మీద పువ్వు, కింద అట్టముక్క లాంటి అడుగు. అందులోనూ నా కాలికి సరిపడే సైజు అడిగితే షాపువాళ్ళు నవ్వేవాళ్ళు. పోనీ టైరు చెప్పులు కుట్టించుకుంటానంటే మా అత్తగారు ఒప్పుకోలేదు. సర్కారు నౌకరి చేసే కోడలు టైరు చెప్పులు తొడిగితే ఇంటి పరువేం గాను అన్నది. పరువు నడిచేది ఇసుకలో కాదు కదా, ఆమెకేం.

ఎండాకాలం మొదలయ్యే ముందు మా ఆయన నా కాలి కొలత చీపురుపుల్లతో తీసుకుని, దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని కొత్తగూడెం వెళ్ళి ఒక జత తెచ్చాడు. షాపుకు నన్ను తీసుకెళ్ళాలన్న ఆలోచన ఆయనకు రాలేదు, అప్పట్లో ఎవరికీ రాదు. తొడిగి చూస్తే మడమ వెనక్కి బొటనవేలంత బయటే ఉంది. తోలు సాగుతుంది, రెండు రోజులు ఓర్చుకో అన్నాడు. అది తోలు కాదు, సాగలేదు. మడమలు నేలకు రాసుకుంటూ అట్లాగే తిరిగాను.

ఒకనాడు మిట్టమధ్యాహ్నం ఏటవతలి గూడెం నుంచి ఒక కోయ యువకుడు పరుగున వచ్చాడు. అతని చెల్లెలికి నొప్పులు మొదలయ్యాయి. ఆ పిల్లకు ముందు కాన్పులో బిడ్డ దక్కలేదు, ఈసారి నేను దగ్గరుంటానని మాట ఇచ్చాను. సంచి భుజానికి తగిలించుకుని అతని వెంట బయలుదేరాను. కిన్నెరసానిలో నీళ్ళు సన్నటి పాయగా మిగిలాయి, తక్కినదంతా ఇసుకే. సరిగ్గా దాని నడిమధ్యలో కుడికాలి చెప్పు పట్టీ పుటుక్కున తెగింది. ఒంటి చెప్పుతో నాలుగు అడుగులు వేశాను, ఆ తర్వాత దాన్నీ విడిచి పరుగెత్తాను. కాలిన పెనం మీద పరుగెత్తినట్టుంది. కళ్ళనీళ్ళు వచ్చింది నొప్పికా కోపానికా అంటే, కోపానికే. ఆ షాపు మీద, అత్తగారి మీద, అందరికంటే ఎక్కువ మా ఆయన మీద. ఒడ్డునున్న పొదల నీడకు చేరి కూలబడి, మళ్ళీ లేవబోతే ఆ అబ్బాయి ఆపాడు.

"కూసో సిస్టరమ్మా. నువ్వు గిట్ల వస్తే ఆడిదాంక రాలేవు."

గబగబా మోదుగాకులు తెంపి, ఒకదాని మీద ఒకటి మందంగా పేర్చి, నా పాదాల కింద పెట్టి అడ్డతీగ నారతో చీలమండ దాకా కట్టేశాడు. నా పాదం పెద్దదని అతడు నవ్వలేదు, రెండు ఆకులు ఎక్కువ పేర్చాడంతే. ఆ ఆకులతో గూడెం చేరాను. బిడ్డ మెడకు పేగు చుట్టుకుని పుట్టింది. పేగు తప్పించి, వీపు రుద్దుతూ ఉంటే ఎంతకీ చప్పుడు లేదు. ఆ పిల్ల మంచం మీద నుంచి నా మొహమే చూస్తున్నది. ఎట్టకేలకు బిడ్డ ఏడ్చినప్పుడు నేను గోడకు ఆనుకుని కూర్చుండిపోయాను, అప్పుడు గుర్తొచ్చాయి నా కాళ్ళు. అరికాళ్ళంతా బొబ్బలు. ఆ ఇంటి ముసలమ్మ ఇప్పనూనె రాసి, నన్ను కదలనివ్వకుండా ఆ రాత్రీ మర్నాడూ తన దగ్గరే ఉంచుకున్నది.

ఆ మరుసటి పొద్దున మా ఆయన వచ్చాడు. సెలవు దొరికి ముందురోజు సాయంత్రమే మా ఊరొస్తే క్వార్టరుకు తాళం ఉన్నదట. నలుగురినీ అడుగుతూ పొద్దెక్కేసరికి గూడెం చేరాడు. వస్తూ వస్తూ ఇసుకలో పడి ఉన్న చెప్పును ఏరుకొచ్చాడు. ఎట్లున్నావని అడగలేదు. ఆ చెప్పును అటూ ఇటూ తిప్పి, ఇంత జల్దీ ఎట్ల తెగిందని అడిగాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. కాళ్ళ మీది గుడ్డ తీసి చూపించాను. వంగి దగ్గరగా చూశాడు.

"పుల్ల బస్సుల ఇరిగింది," అన్నాడు మెల్లగా. "ఇరిగిన ముక్క దొరకలే. అందాజుగ తెచ్చిన."

నేనేమనేదాన్నో గానీ, ఆయన అప్పటికే కింద కూర్చుని తన బూట్ల తాళ్ళు విప్పుతున్నాడు. ప్లాంటులో ఇచ్చే బూట్లవి, వేళ్ళ దగ్గర లోపల ఇనుప రేకు ఉంటుంది, ఒక్కోటి ఇటుకంత బరువు.

"తొడుక్కో."

"మరి మీరెట్ల వస్తరు?"

"నా సంగతి నీకెందుకు, తొడుక్కో."

నూనె గుడ్డలు చుట్టుకుని తొడిగితే నా కొలతకే చేసినట్టు పట్టాయి. ఆయనకు మధ్యాహ్నం షిఫ్టు ఉంది, చల్లబడేదాకా ఆగడానికి లేదు. ఆ అబ్బాయి చేత ఆకులు కట్టించుకుని నా వెనకే నడిచాడు. ఏరు దాటేదాకా ఇసుకనూ, ఆకులనూ, చెప్పుల కంపెనీనీ, మధ్యలో ఒకసారి కన్నతల్లినీ తిడుతూనే ఉన్నాడు. పాలిచ్చే తల్లులు గడపల్లో నిలబడి చూస్తుంటే, తెల్లచీర కింద బూట్లతో నేను ముందు, ఆకులతో ఆయన వెనక. అంత నొప్పిలోనూ నాకు నవ్వు ఆగలేదు, దానికి ఆయన మరింత చిరాకుపడ్డాడు.

ఆ ఎండాకాలమంతా ఆ బూట్లతోనే తిరిగాను. వాటి చప్పుడుకు గూడెం కుక్కలు ముందు మొరిగేవి, తర్వాత పిల్లలు ఎదురొచ్చేవాళ్ళు, బూట్ల నర్సమ్మ వచ్చిందని వాళ్ళే చాటింపు వేసేవాళ్ళు. నా అసలు పేరు తెలియనివాళ్ళు ఇప్పటికీ అక్కడ ఉన్నారు. మా అత్తగారు నా కాళ్ళ వంకా, కొడుకు కాళ్ళ వంకా చూసింది. తర్వాత మరి నీకెట్లరా అని కొడుకును అడిగింది. ప్లాంటు స్టోర్సులో ఏం చెప్పి ఇంకో జత తెచ్చుకున్నాడో నాకు మాత్రం ఈ రోజుకూ చెప్పలేదు.

అటువంటి మనిషి ఇప్పుడు షాపులో రెండు కంపెనీల చెప్పులనూ చేతుల్లో వంచి, బొటనవేలితో నొక్కి, ఆ అమ్మాయిని ప్రశ్నల మీద ప్రశ్నలు అడుగుతుంటే నాకు తల తిరిగింది. నేనే రెండూ తొడిగి అటూ ఇటూ నడిచాను. మెత్తటిదానిలో నేల ఎక్కడుందో నా మొద్దుబారిన వేళ్ళకు తెలియడం లేదు. గట్టిదే కావాలన్నాను. ఫోనులో ఇంకోసారి చూసి రేపొద్దామని ఆయన మొదలుపెట్టాడు.

"నడిచేది నేను," అన్నాను. "ఇవే."

కొని తెచ్చుకున్నాం. మంచి చెప్పులే, అబద్ధమెందుకు. ఆయన మాత్రం ఇంటికొచ్చాక కూడా ఆ మెత్తటి చెప్పుల కంపెనీ గురించి చదువుతూనే ఉన్నాడు.

ఆ గూడెం దాకా ఇప్పుడు తారురోడ్డు ఉంది, ఫోను చేస్తే అంబులెన్సు వస్తుంది. ఆ కాలం మళ్ళీ రావాలని నేను కోరను, ఏ ఆడపిల్లా ఆ ఇసుకలో అట్లా పరుగెత్తకూడదు. కానీ మీలో ఆ బాటలు నడిచినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఇప్పపూలు ఏరుకునేవాళ్ళు గానీ మేకలు తోలుకెళ్ళేవాళ్ళు గానీ ఎదురైతే ఆగి, ఎందాక అని అడగకుండా పోయేవాళ్ళు కాదు. చెబితే, ఏ వాగులో నీళ్ళున్నాయో చెప్పి, దారి చీలేదాకా తోడు వచ్చేవాళ్ళు. ఇప్పుడు సాయంత్రాలు మా కాలనీ పార్కులో నడుస్తుంటే, అందరి కాళ్ళకూ ఖరీదైన చెప్పులే, అందరి చెవుల్లోనూ ఏదో ఒకటి. వెనక నుంచి చప్పుడు లేకుండా వచ్చి నన్ను దాటి వెళ్ళిపోతారు. ఎందాక అని ఒక్కరైనా అడిగితే, ఎక్కడిదాకానో చెప్పడానికి నా దగ్గరా జవాబు లేదనుకోండి, అయినా అడిగితే బాగుండునని ఉంటుంది.