మైదానంలో గోడ, స్టోర్స్‌లో అరటిపండు

పంపుల కంపెనీ ఫుట్‌బాల్ జట్టులో ఎడమ పక్కన కాపు కాసే ఆటగాణ్ణి అందరూ గోడ అనేవాళ్లు. ఎత్తూ లావూ చూసి పెట్టిన పేరు కాదది, మనిషి నిజానికి బక్కపలచన. అతణ్ణి దాటించి బంతిని తీసుకుపోవడం కష్టమని పెట్టారు. పదమూడేళ్లు ఆడాడు. కొట్టిన గోల్స్ రెండు, అందులో ఒకటి సొంత జట్టు మీదే. ఎవరైనా ఆ మాట ఎత్తితే, "రెండూ మంచి షాట్లే," అనేవాడు.

ఆటగాడికి జీతం ఇవ్వాలంటే కంపెనీలో ఏదో ఒక ఉద్యోగం చూపించాలి. అందుకని కాగితం మీద అతను స్టోర్స్ గుమాస్తా. నెలకోసారి ఆఫీసుకి వెళ్లి సంతకం పెట్టి, అటునుంచి అటే మైదానానికి పోయేవాడు. తన పేరున ఒక కుర్చీ ఉందని తెలుసు గానీ, అది ఏ మూలనుందో ఎప్పుడూ అడగలేదు.

ముప్పై మూడో ఏట కుడి మోకాలు మొండికేసింది. రెండు ఆపరేషన్లయ్యాయి. మూడోసారి వెళితే డాక్టరు, "కొయ్యడానికి నాకేం అభ్యంతరం లేదు. ఆ తర్వాత ఆడతానంటేనే అభ్యంతరం," అన్నాడు. కోచ్ భుజం మీద చెయ్యి వేసి, "ఒరేయ్ గోడా, సోమవారం నుంచి స్టోర్స్‌కి వెళ్లు," అని, మిగతావాళ్లని పరిగెత్తించడానికి వెళ్లిపోయాడు. వీడ్కోలు అంతే.

సోమవారం వెళితే అతని కుర్చీ నిండా రబ్బరు బెల్టుల చుట్టలున్నాయి. స్టోర్స్ చూసే ఆవిడ అతనికన్నా పదేళ్లు పెద్ద, అందరూ అక్కయ్య అంటారు. కళ్లజోడు మీదనుంచి చూసింది.

"వచ్చావా తమ్ముడూ? పదమూడేళ్లకి దారి దొరికిందన్నమాట."

అతను నవ్వాడు. ఆవిడ నవ్వలేదు.

మొదటి వారంలోనే పరువు పోయింది. ఫిట్టరు ఆరో సైజు బేరింగు అడిగితే తొమ్మిదోది ఇచ్చాడు. అది పట్టక మిషను ఒక పూట ఆగిపోయింది. ఫిట్టరు తిరిగొచ్చి, "బంతి ఎటు పోతుందో ముందే పసిగట్టే మనిషివి, డబ్బా తలకిందులుగా ఉందని పసిగట్టలేకపోయావా గురూ?" అన్నాడు. అక్కడున్న వాళ్లంతా గొల్లుమన్నారు. ఆ రోజు నుంచి కొన్నాళ్లు అతను ఆటలో అరటిపండే. సామాను కోసం చీటీ తెచ్చినవాళ్లు అతణ్ణి దాటుకుని నేరుగా అక్కయ్య దగ్గరికి వెళ్లేవాళ్లు.

"నాకిది అబ్బదేమో అక్కా," అన్నాడు ఒక మధ్యాహ్నం. "ఇన్నాళ్లూ నేను లేకుండానే నడిచిందిగా."

ఆవిడ చేతిలోని చీటీలు పక్కన పెట్టింది. "నడవలేదు, నేను నడిపాను. ఇద్దరి పని. సాయంత్రం మీరంతా ఆడుకుంటుంటే నేనిక్కడ గంట ఎక్కువ కూర్చునేదాన్ని. మా పిల్ల బడి నుంచొచ్చి, తాళం వేసిన తలుపు ముందు కూర్చునేది."

అతనికి పాత సంగతొకటి గుర్తొచ్చింది. కప్పు గెలిచిన ఏడాది కంపెనీ వాళ్లు జట్టునంతా లారీ ఎక్కించి వీధులు తిప్పారు. ఆ సాయంత్రం ఈవిడ ఎక్కడుందో అడుగుదామనుకుని, ఆవిడ పక్కన పెట్టిన చీటీలు అందుకున్నాడు.

మర్నాటి నుంచి అరగంట ముందే వచ్చేవాడు. అరలన్నీ తిరుగుతూ ఒక్కో వస్తువూ తీసి, తడిమి, చూసి, మళ్లీ పెట్టేవాడు. అతనికి తెలిసిన చదువు అదొక్కటే, చేసిందే చెయ్యడం. ఏడాది తిరిగేసరికి కళ్లు మూసుకుని వాషరు చేతికిచ్చినా సైజు చెప్పగలిగాడు.

అంతలో అక్కయ్య భర్తకి పక్షవాతం వచ్చింది. ఆవిడ నాలుగు నెలలు సెలవు పెట్టింది. ఇంకో మనిషిని వేస్తానని మేనేజరంటే గోడ వద్దన్నాడు. ఇద్దరి పనీ ఒక్కడే లాగాడు. ఇంట్లో భార్య పోరు పెట్టేది.

"ఆ మోకాలితో నిచ్చెనలెక్కుతారేమిటండీ? డాక్టరేమన్నాడు?"

"ఆడొద్దన్నాడు. ఎక్కొద్దనలేదు."

అక్కయ్య తిరిగొచ్చిన రోజు అరలన్నీ చుట్టివచ్చి, తన కుర్చీలో కూర్చుంది. "ఫర్వాలేదే," అంది. ఆవిడ నోట అంతకన్నా పెద్ద మెప్పు ఎవరూ వినలేదు. అతను తల వంచుకుని పనిలో పడ్డాడు గానీ, చాలాసేపు ఒకే చీటీ చూస్తూ ఉండిపోయాడు.

మరో మూడేళ్లకి కంపెనీ జట్టునే ఎత్తేసింది. కాగితం మీది గుమాస్తాలు ఎనిమిది మంది బిక్కమొహాలేసుకుని తమ తమ కుర్చీలు వెతుక్కుంటూ వచ్చారు. కోచ్‌కి గేటు దగ్గర పాసులు రాసే పని పడింది. అందరికీ పని నేర్పింది గోడే.

"ఇంత రాస్తే నా వేళ్లు పడిపోతాయిరా," అన్నాడు కోచ్ రెండో రోజు.

"పడిపోవు సార్. ఒక వారం నొప్పి పుడతాయి, అంతే," అని ఇంకో పాసుల పుస్తకం ముందు పెట్టాడు.

అక్కయ్య దిగిపోయాక స్టోర్స్ అతని చేతికే వచ్చింది. యాభై ఎనిమిదో ఏట అతనూ రిటైరయ్యాడు. ఆ రోజు మేనేజరు పావుగంట మాట్లాడాడు. అంతా ఫుట్‌బాలే. జట్టు పాత ఫొటో ఒకటి ఫ్రేము కట్టించి ఇచ్చారు.

ఇంటికొచ్చి కూర్చుని మోకాలు రాసుకుంటూ, "పాతికేళ్లు స్టోర్స్ చూశాను. దాని గురించి ఒక్క ముక్క అన్నారా?" అన్నాడు భార్యతో.

"బోల్టులకెవరు చప్పట్లు కొడతారండీ?" అందామె, ఫొటోకి మేకు ఎక్కడ కొట్టాలా అని చూస్తూ.

"కొట్టొచ్చుగా," అన్నాడు.