నాయన ప్లానులో ‘వేయరాదు’

ఈ మధ్యాహ్నం గిద్దలూరు నుంచి సుబ్బయ్య పెద్దనాయన వచ్చాడు. ఇంటి గోడలు చీలుతున్నాయట. చనిపోయిన మా నాయన గీసిన ప్లాను కావాలన్నాడు. నాయన కంప్యూటర్లో ప్లాన్లు గీసే క్యాడ్ సాఫ్ట్‌వేర్ లైసెన్సు ఎప్పుడో అయిపోయింది. ఉచితంగా దొరికే వ్యూయర్‌లో ఫైలు తెరిచాను. గీతలు వచ్చాయి, తెలుగు మాటలు మాత్రం పిచ్చి ఇంగ్లీషు అక్షరాలయ్యాయి. నాయన వాడిన పాత ఫాంటు వెతికి వేస్తే ప్లానులో ఒక మూల ఈ మాట కనిపించింది: "పునాది ఒక్క అంతస్తుకే. పైన వేయరాదు."

మాటల్లో ఎప్పుడూ మెత్తగా ‘వద్దు’ అని మాత్రమే అనే మనిషి, ఇక్కడ ‘రాదు’ అని అంత గట్టి మాట రాశాడు.

"పెద్దనాయనా, పైన ఏమన్నా కట్టినారా?"

"పోయినేడే స్లాబు ఏస్తిమి గదమ్మా. పెద్దోడు, కోడలు, పిల్లోళ్లు పైనే ఉండారు."

"ముందు ఫోన్ చేసి అందర్నీ బయటికి రమ్మను!"

ఆయన నంబరు వెతికేలోపు నేనే చేశాను. అందరూ బయటికి వచ్చేశారు. ఫైలు తెరవడం వరకే నాకు చేతనైంది. గిద్దలూరు దగ్గర ఇళ్లు పరీక్షించే ఇంజనీరు ఎవరైనా తెలిస్తే ఇప్పుడే ఈ పోస్టు కింద రాయండి.