టీచరమ్మకు నచ్చని ఇంగ్లిష్

మా టీచరమ్మ పోయిన సంగతి నాకు ఫోన్‌లో తెలిసింది. మేడ్చల్‌లో నేను పనిచేసే ఆసుపత్రిలో డ్యూటీ దిగి వాట్సాప్ తెరిస్తే, కొంపల్లి కోచింగ్ సెంటర్ గ్రూపులో ఆమె ఫొటో కనిపించింది. దాని కింద, ఆమె మరణం విద్యారంగానికి తీరని లోటనీ, ఆమె ఆశయాలను తాము కొనసాగిస్తామనీ రాసి ఉంది. ఆ సెంటర్ అంటే ఆమెకు చీదర. ఆమెకు ఆశయమంటూ ఒకటి ఉంటే, అది ఆ సెంటర్ మూతపడాలనే. దాన్ని వాళ్లు కొనసాగిస్తారనే నమ్మకం నాకు లేదు.

ఆమె ఎవరో చెప్పాలి. కౌకూర్‌లో చర్చి వెనక సందులో చిన్న ఇల్లు ఆమెది. బడిలో ఇంగ్లిష్ చెప్పి రిటైరైంది. విదేశాల్లో ఉద్యోగం కోసం ఇంగ్లిష్ పరీక్ష రాసే నర్సులం సాయంత్రాలు ఆమె వరండాలో చేరేవాళ్లం. రాత ఒక్కటే నేర్పేది. వినడం, మాట్లాడటం ఎట్లాగో వచ్చేస్తాయని, రాతలోనే మా బండారం బయటపడుతుందని అనేది.

నా బండారం అప్పటికే రెండుసార్లు బయటపడింది. మిగతావన్నీ గట్టెక్కాను గాని, రాతలో మాత్రం రెండుసార్లూ పోయింది. మాది శామీర్‌పేట. నాయిన చెరువులో చేపలు పడతాడు, అమ్మ కూలికి పోతుంది. ఇంట్లో ఇంగ్లిష్ వచ్చినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి, కోటు వేసుకున్న సెంటర్ సార్ ఏది చెబితే అది నమ్మాను. ఆయన నేర్పింది బట్టీ పట్టే వ్యాసం. ప్రశ్న ఏదైనా వాక్యాలు అవే, మధ్యలో ఖాళీలు. శుభలేఖల్లో పెళ్లికొడుకు పేరు మార్చినట్టు ఆ ఖాళీల్లో విషయం పేరు మార్చడమే మా పని. ఒకరోజు ‘కాలుష్యం’, ఇంకోరోజు ‘ఆన్‌లైన్ చదువు’. దీన్ని ఆయన టెక్నిక్ అనేవాడు. దానికి ఏసీ గది, మెడలో ఐడీ కార్డు కూడా ఇచ్చాడు.

మూడోసారి రాయడానికి ముందు, మా ఆసుపత్రిలోనే పనిచేసే స్నేహితురాలు నన్ను కౌకూర్ తీసుకెళ్లింది. పర్యాటకం వల్ల ఊరివాళ్లకు మేలు జరుగుతుందా అన్న ప్రశ్న ఇచ్చి, రాయమంది టీచరమ్మ. నేను బట్టీ వాక్యాలతో కాగితం నింపేశాను. చచ్చిన ఎలుకను తోకతో ఎత్తినట్టు ఆమె ఆ కాగితాన్ని మూలపట్టి ఎత్తి చదివింది.

"పర్యాటకం రెండు దిక్కుల పదునున్న కత్తి అని రాసినవ్. ఎవర్ని కోసింది గా కత్తి?" అని అడిగింది.

మాది ఏ ఊరని అడిగితే శామీర్‌పేట అన్నాను. మా ఊరి చెరువుకు ఆదివారాలు జనం వస్తారు కదా, వాళ్ల సంగతి చెప్పమంది. చెప్పాను. కార్లలో వస్తారు, గట్టు మీద బిర్యానీలు తింటారు, పుట్టినరోజు కేకులు కోస్తారు, తాగిన సీసాలు నీళ్ల అంచున పగలగొడతారు. వల లాగుతుంటే ఆ గాజుపెంకు గుచ్చుకుని నాయిన మడమ చీలింది. మా ఆసుపత్రికే తెచ్చాం. డాక్టరు కుట్లు వేస్తుంటే కాలు పట్టుకున్నది నేనే. మళ్లీ గట్టు మీద నాయిన దగ్గర చేపలు కొనేదీ ఆ జనమే.

"మరి గిది రాయక గా కత్తి ఎందుకు రాసినవ్ బిడ్డా?"

"గవన్ని పరీక్షల రాయొద్దంట టీచరమ్మా. సెంటర్‌ల సార్ చెప్పిండు."

"గా సారుకు నాయిన లేడా?"

తర్వాత ఎర్ర పెన్ను తీసి ఒక్కో వాక్యమే కొట్టేసింది. చివరికి పైన నా పేరొక్కటే మిగిలింది. ఇంటికెళ్తూ బస్సులో ఏడ్చాను, ఇక పోకూడదనుకున్నాను. కానీ ఆమె అడిగిన ప్రశ్నలు నాతోనే వచ్చాయి. మర్నాడు నాయిన మడమ గురించి రాసి తీసుకెళ్లాను. తప్పులు దిద్ది, "ఆఁ, గిది మనిషి రాసింది" అంది. నాకు దక్కిన మెచ్చుకోలు అదొక్కటే.

రాయడం మాకు కొత్త కాదని ఆమె వాదన. "కేస్ షీట్‌ల జరమొచ్చిందని రాస్తవా, జరమనే అగ్గి రాజుకున్నదని రాస్తవా?" అని అడిగేది. తెలియని పెద్దమాట దొర్లితే, "తెల్వకపోతే చిన్నగ రాయి" అనేది. ఎవరి తిప్పలు వాళ్లవని తెలిసినా జాలిపడి మార్కులు వేయడం ఆమెకు చేతకాదు. వచ్చేవాళ్లకు ఉడకబెట్టిన పల్లీలు పెట్టేది. కాగితం చదివేటప్పుడు మాత్రం ఎవరూ నమలకూడదు.

మూడోసారి పాసయ్యాను. వారం తిరక్కుండానే కొంపల్లి రోడ్డు మీద సెంటర్ ఫ్లెక్సీలో నా ఫొటో వెలిసింది. నా ముఖం బొప్పాయంత, సార్ ముఖం గుమ్మడికాయంత. నేను ఒళ్లు మండి టీచరమ్మకు చెబితే, ఆమె వెంటనే చెప్పులు తొడుక్కుంది. ఇద్దరం ఆటోలో సెంటర్‌కు వెళ్లాం. క్లాసు జరుగుతోంది. టీచరమ్మ వెనక బెంచీలో కూర్చుని, పక్కమ్మాయి దగ్గర మెటీరియల్ అడిగి తీసుకుంది. కాసేపటికి లేచి నిలబడి, అందులోంచి ఒక వాక్యం చదివి తెలుగులో అర్థం చెప్పింది. అనాది కాలం నుంచి మానవుడు మొబైల్ ఫోన్లు వాడుతున్నాడని ఉంది అందులో. ఎవరి ముత్తాతకు ఉండేదని అడిగితే అమ్మాయిలంతా నవ్వారు.

సార్ నవ్వలేదు. "మేడమ్, పేపర్ దిద్దెటోళ్లకు కథలొద్దు, ఫార్మాట్ కావాలె. మా రిజల్ట్ చూడుండ్రి" అని కిటికీలోంచి ఫ్లెక్సీ చూపించాడు.

"గా పిల్లను నేనే సార్. మీ తాన రెండుసార్లు ఫెయిలైన."

ఆయన తడబడతాడనుకున్నాను. చిరునవ్వు నవ్వి, "పునాది మాదే గదమ్మా" అన్నాడు.

సిగ్గు లేనివాడితో వాదన ఉండదని ఆరోజు నేర్చుకున్నాను. ఫ్లెక్సీ తీయలేదు. ఎండకు నా ముఖం వెలిసిపోయేదాకా అక్కడే ఉంది. కానీ ఆ క్లాసులో నవ్విన అమ్మాయిలు కొందరు ఆ వారంలోనే కౌకూర్ సందు వెతుక్కుంటూ వచ్చారు.

ఆమె అంత్యక్రియల రోజు సమాధుల తోటకు ఆ సార్ కూడా వచ్చాడు, కోటుతోనే. మైకు అడిగి మరీ తీసుకున్నాడు. ఒకవైపు బాధగా ఉందన్నాడు, మరోవైపు గర్వంగా ఉందన్నాడు, ముగింపుగా అని మొదలుపెట్టి ముగించలేకపోయాడు. శవపేటిక ముందు నిలబడి కూడా ఖాళీలు నింపే మనిషిని నేను అక్కడే చూశాను. వెనక నిలబడ్డ నర్సులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పాస్టర్‌గారు మాత్రం ఒక వచనం చదివి, ప్రసంగం పొట్టిగా చెప్పడం ఈమె వల్లే నేర్చుకున్నానని ఆపేశారు. నన్నూ మాట్లాడమంటే, ఆమె నాకు నిజం రాయడం నేర్పిందని చెప్పి దిగిపోయాను. అంతకంటే ఎక్కువ చెబితే ఆమెకు నచ్చేది కాదు.

ఇప్పుడు ఆమెను తలచుకుంటే సమాధి గుర్తుకు రాదు. సెంటర్‌లో ఓడిపోయి వస్తున్న ఆ సాయంత్రమే కళ్ల ముందుకొస్తుంది. నేను ఏడుపు ముఖంతో ఉన్నాను. ఆమె ఆటో ఆపించి, రోడ్డు పక్క బండి మీద మిర్చి బజ్జీలు కొనిపించింది. చుట్టిచ్చిన పేపరు ముక్కలో ఏదో కాలేజీ ఇంగ్లిష్ ప్రకటన ఉంది. అద్దాలు ముక్కు మీదికి జార్చి చదివింది. ఒక మాట దగ్గర ఆగి, మూతి విరిచి, సంచిలోంచి పెన్ను తీసింది. నూనె కాగితం మీద పెన్ను జారింది. లారీలు దుమ్ము రేపుకుంటూ పోతున్నాయి. ఆమె బజ్జీ నమలడం ఆపకుండానే గోటితో ఆ మాటను గీకి గీకి కొట్టేసింది. కాగితం చిరిగి, ఆ చిరుగులోంచి నూనె మెరిసే ఆమె వేలు ఇవతలికి వచ్చింది.