పెరట్లో విన్న తెలుగు

ఆ ఒక్క మాట కోసమే పుస్తకాన్ని తీసేశామని మా పెదనాన్న ఇప్పటికీ అంటున్నాడు. కాదని నేనూ ఇప్పటికీ అంటున్నాను. ఫ్యామిలీ గ్రూప్‌లో నేను పెట్టిన పొడుగాటి మెసేజ్‌కి దండం పెట్టే బొమ్మ ఒకటి పంపి ఊరుకున్నాడు. ఒళ్ళు మండిపోయింది.

తమిళనాట పీలమేడులో, తరాల కిందట వచ్చి స్థిరపడ్డ మా తెలుగువాళ్ళ ట్రస్టు నడిపే స్కూల్లో నేను పదకొండో క్లాసుకి ఇంగ్లీషు చెబుతాను. కమిటీలో పెదనాన్న మాటే చెల్లుతుంది. పాఠాల్లోంచి తీసేసింది ఒక పాత అమెరికన్ నవల. నల్లవాళ్ళని తెల్లవాళ్ళు పిలిచే ఒక నీచమైన మాట అందులో పేజీ పేజీకీ వస్తుంది. దాన్ని క్లాసులో పైకి చదవడానికి నాకే నోరు రాలేదు. అక్కడ ఆగి, ఇలాంటి మాటలు మన దగ్గర లేవా అని మాత్రం అడిగాను.

వెనక బెంచీలోంచి ఒక పిల్ల లేచింది. ట్రస్టు ఇచ్చిన ఉచిత సీటులో చదువుతోంది. వాళ్ళమ్మ మా వీధిలో చాలా ఇళ్ళల్లో, మా పెదనాన్న ఇంట్లో కూడా, అంట్లు తోమేది. వాళ్ళది తమిళం మాట్లాడే ఇల్లు. పనివాళ్ళ ముందు ఏదైనా దాచాలంటే మావాళ్ళు తెలుగులోకి మారిపోతారు. వాళ్ళకి అర్థం కాదని ధీమా. ఈ పిల్లేమో మా పెరళ్ళల్లోనే ఆడుకుంటూ పెరిగింది.

తమిళంలో చెబుతుందనుకున్నాను. తెలుగులో చెప్పింది, మా అవ్వల యాసతో సహా.

"ఉండాయి మిస్. దాని లోటా తనిగా, వేరేగా పెట్టు, దాని బిడ్డను లోపలికి రానీయొద్దు, ఆ కులమే అట్ల అని మా అమ్మ ఎదురుగానే అంటారు. అమ్మ తెలియనట్టే గిన్నెలు కడుగుతా ఉంటాది."

క్లాసులో సగం మందికి ఇంట్లో అదే భాష. బెల్లు కొట్టగానే ఆ మాటలు వాళ్ళతోపాటే ఇళ్ళకి వెళ్ళాయి.

ఆ సాయంత్రం పేరెంట్స్ గ్రూప్ భగ్గుమంది. ఆ పిల్ల అన్నదాని గురించి ఒక్క ముక్క లేదు. నవల పేజీ ఫోటో తీసి, ఆ నీచమైన మాట చుట్టూ ఎర్రగా గీసి, పసిమనసులు గాయపడతాయంటూ ఒకరి తర్వాత ఒకరు. వారం తిరక్కుండా పుస్తకం పోయింది. ఆ తల్లిని పనిలోంచి మాన్పించారు, ఒక్కో ఇంట్లో ఒక్కో సాకు చెప్పి.

పెదనాన్న ఇంటికెళ్ళి అడిగేశాను. ఇడ్లీ తింటూ, తల కూడా తిప్పలేదు.

"ఎదుకు అమ్ముణీ ఇంత కోపం? మనుషుల్ని తిట్టే బుక్కు బిడ్డలకు వేండాం, వద్దు. మంచిదే కదా చేసినాము."

మరి ఆ పిల్ల సంగతేంటన్నాను.

"దాన్ని మేమేమీ అనలేదే."

నిజమే. ఎవరూ ఏమీ అనలేదు. ఆ పిల్లే స్కూలుకి రావడం మానేసింది. మెసేజ్ పెడితే చూస్తుంది, జవాబివ్వదు. నిన్న వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళమ్మ నా చేతులు పట్టుకుని, తన కూతురికి తెలుగే రాదని, ఏదో తెలియక వాగిందని పెద్దాయనతో చెప్పమని తమిళంలో బతిమాలింది. వెనక నుంచి ఆ పిల్ల అంది, తెలుగులోనే:

"రాదనే చెప్పండి మిస్. అమ్మకు పని కావల్ల."

ఫోన్ చేతిలోనే ఉంది. పెదనాన్నకి ఆ అబద్ధం టైపు చేస్తున్నాను, చెరిపేస్తున్నాను, మళ్ళీ టైపు చేస్తున్నాను. పంపితే తల్లికి పని దొరుకుతుంది, కూతురు చెప్పిన నిజం గాలికి పోతుంది. పంపకపోతే వాళ్ళ పొయ్యి వెలగదు. ఆ నవలని తీసేసింది పిల్లల మంచికేనని, ఆ ఇంటి వాకిట్లో నిలబడి, ఆ పిల్ల మొహం చూసి, మీలో ఎవరైనా అనగలరా?